వంద రూపాయల మాఫీ

ఈ వారం భాగ్యరెడ్డి వర్మ బడుల గురించి రాస్తానన్నాను. అది వచ్చే ఆదివారానికి జరుపుతున్నా. కారణం మొన్న శాలిబండ నెట్ సెంటర్‌లో జరిగిన ముచ్చట.

మా కాలేజీలో ఇంటర్ రెండో ఏడు చదివే పిల్లవాడు ఎన్‌డీఏ ఫారం నింపుతుంటే పక్కన కూర్చున్నా. ఉప్పుగూడ బస్తీ, తండ్రిది సఫాయి పని. కేటగిరీలో ఎస్సీ అని పెట్టగానే వంద రూపాయల ఫీజు మాఫీ అయింది. వాడి ముఖం వెలిగింది.

"సీట్లల్ల మనకెన్ని ఉంటయి సార్?"

"ఒక్కటి కూడా లేదు నాన్నా."

"మరి కులం ఎందుకడిగిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకు రిజర్వేషన్ వర్తించదు. కులమతాలు చూడం, అర్హతే చూస్తాం అని సర్కారు పార్లమెంటులో చెప్పే మాట. కులం చూడని సైన్యంలో జాట్ రెజిమెంట్, రాజ్‌పుత్ రెజిమెంట్ ఉన్నాయి! ఇంకో విచిత్రం. ఎన్‌డీఏకు పిల్లల్ని తయారుచేయడానికే పెట్టిన సైనిక్ స్కూళ్లలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లున్నాయి. అంటే గడప దాకా రిజర్వేషన్ మనల్ని తోడ్కొని వస్తుంది, గడప దాటదు.

ఆ గడప చరిత్ర కొంచెం చెప్పాలి.

1857 నాటి ఢిల్లీ ఉర్దూ రాతల్లో సిపాయిలను 'తిలంగా' అన్నారు. తెలంగీలు, అంటే తెలుగువాళ్లు. కంపెనీ కొలువులో మొదట చేరిన దక్షిణాది సిపాయిల పేరు ఉత్తరాదికి పోయి, సిపాయి అనే అర్థంలో స్థిరపడింది. అప్పటికి బెంగాల్ సైన్యం నిండా అవధ్ బ్రాహ్మణులు, రాజపుత్రులే. వాళ్లకు కూడా మన పేరే! మద్రాసు సైన్యంలోనైతే మాలలు, పరైయర్లు తుపాకీ పట్టారు.

తర్వాత లార్డ్ రాబర్ట్స్ వచ్చాడు. 1881 నుంచి 85 దాకా మద్రాసు సైన్యానికి, ఆపైన 1893 దాకా మొత్తం ఇండియాకు కమాండర్ ఇన్ చీఫ్. దక్షిణాదివాళ్లలో పోరాట గుణం చచ్చిపోయిందని తేల్చాడు. 'యుద్ధ జాతులు' అనే లెక్క గట్టిపడింది. మనవాళ్ల భర్తీ కుదించుకుపోయింది, 1890ల మొదట్లో మహర్లకు తలుపే మూసేశారు. రిటైర్డ్ సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ అర్జీ రాశాడు. 1910లో శివరాం జన్బా కాంబ్లే మళ్లీ అర్జీ పెట్టాడు, పోలీసులో, పటాలంలో మమ్మల్ని చేర్చుకోండని. మావాడి ఫారం కన్నా ముందు ఇన్ని దరఖాస్తులున్నాయి.

ఎందుకంత పట్టుదల? జీతం ఒక్కటే కాదు. పటాలంలో చదువు ఉండేది. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదార్, సైనిక బడిలో పంతులు. 1891లో అంబేడ్కర్ పుట్టింది మౌ కంటోన్మెంటులో. కానీ సుబేదార్ ఎంత సీనియరైనా, నిన్నగాక మొన్న దిగిన తెల్ల లెఫ్టినెంట్ కిందే. ఆఫీసర్ కావాలంటే ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్‌కు పోవాలి. అక్కడ భారతీయులకు 1918లో ఇచ్చినవి ఏడాదికి పది సీట్లు. అవి ఎవరి పిల్లలకు పోయి ఉంటాయో మీరే ఊహించండి.

మొదటి రౌండ్ టేబుల్ సమావేశంలో ఇండియాలోనే సైనిక కళాశాల పెట్టాలని తేల్చింది డిఫెన్స్ సబ్‌కమిటీ. అందులో అంబేడ్కర్ సభ్యుడు. చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కువగా ఆఫీసర్లలో భారతీయులెందరు అని మాట్లాడుతుంటే, ఆయన సైన్యంలో భర్తీ అన్ని వర్గాలకూ తెరవాలని పట్టుబట్టాడు. 1932 అక్టోబర్ 1న డెహ్రాడూన్‌లో అకాడమీ 40 మందితో మొదలైంది. మహర్ రెజిమెంట్ కోసం మాత్రం 1941 దాకా, ఇంకో యుద్ధం దాకా ఆగాల్సి వచ్చింది. ఖడక్‌వాస్లాలో ఎన్‌డీఏ 1955లో తెరిచారు. రాజ్యాంగం వచ్చి ఐదేళ్లయినా తలుపు ముందు పాత మాటే: అందరికీ సమానం.

సమానమే. రాతపరీక్ష 900 మార్కులు. ప్రశ్నపత్రం హిందీ, ఇంగ్లీషుల్లోనే. మా పాతబస్తీలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలు ఇద్దరూ అక్కడే ఆగిపోతారు. అది దాటితే ఎస్ఎస్‌బీ, ఐదు రోజులు, ఇంకో 900. అక్కడ నడక, మాట, గుంపులో ముందుకొచ్చే తీరు అన్నీ చూస్తారు. తరతరాలుగా గుంపులో వెనక నిలబడమన్న ఇంటి పిల్లవాడికి ఆ ఐదు రోజులు ఎట్లా ఉంటాయో కొలిచే మార్కు లేదు.

అయినా సబ్మిట్ కొట్టమన్నా. ఎంపికైతే శిక్షణ ఖర్చు సర్కారుదే, వాళ్ల నాయినకు ఆ భయం లేదు.

నెట్ సెంటర్ చాచాది బార్కస్. బ్యారక్స్ అనే మాటే నోళ్లలో నలిగి బార్కస్ అయింది. నిజాం కొలువుకు యెమెన్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల వాడ. "ఫౌజ్ మే జారా క్యా బేటా?" అని నవ్వి, ప్రింటుకు ఇరవై తీసుకున్నాడు.

ఇంగ్లీషుకు 200 మార్కులున్నాయి. ఈ ఆదివారం నుంచి పొద్దున ఏడు గంటలకు మా ఇంట్లో కూర్చుంటున్నాం. లెక్కలు చెప్పగలిగిన మిత్రులుంటే మెసేజ్ పెట్టండి. 300 మార్కులు వాటివే, నాకు రావు.