అవ్వ చెప్పిన గాలిమోటరు మైదానం

మా ఇంట్లో విమానానికి రెండు పేర్లుండేవి. కన్నడ మీడియంలో చదివిన మేము 'విమాన' అనేవాళ్ళం. అవ్వ మాత్రం చివరిదాకా 'గాలిమోటరు' అనే అన్నది. ఆమె పుట్టిల్లు వరంగల్. పెళ్ళయి బళేపేటకి వచ్చి యాభై ఏళ్ళు దాటినా, "మా మామునూరులో గాలిమోటరు దిగేది, తెలుసా?" అని అడిగేది. మేము నవ్వేసేవాళ్ళం. ఒకసారి చుట్టాల పెళ్ళికి పోయినప్పుడు ఆ చోటు చూశాం. ఎక్కడ చూసినా గడ్డి, మేస్తున్న ఎనుములు. అవ్వది కథే అనుకున్నాం.

కథ కాదు. మామునూరు విమానాశ్రయం 1930లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టింది. దాని కింద 1,875 ఎకరాలుండేవని చెప్తారు. ఆ రోజుల్లో వరంగల్ చిన్న ఊరేం కాదు. 1934లో ఆజంజాహీ బట్టల మిల్లు వచ్చింది, ఆ తర్వాత ఉత్తరాన కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లు వచ్చింది. వ్యాపారం ఉన్న చోటికి విమానం కావాలి అన్నది అప్పటి ఆలోచన.

1981 దాకా అది పని చేసింది. ఆ తర్వాత ఆగిపోయింది. హైదరాబాదు నూటయాభై కిలోమీటర్ల లోపే, పక్కనే కాజీపేట జంక్షన్. రైలెక్కితే అయిపోయే దారికి విమానం ఎవరెక్కుతారు? భూమిలో కొంత పోలీసు బెటాలియన్ లాంటి సర్కారు అవసరాలకి పోయింది. విమానాశ్రయానికి మిగిలింది 696 ఎకరాలు.

అయితే 1981లో ఆగిందానికీ, తర్వాత తెరవకపోవడానికీ కారణం ఒకటే కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మా వృత్తి కాబట్టి, ఏదైనా పని చేయకపోతే ఎక్కడో ఒక షరతు అడ్డుపడుతోందా అని వెతకడం అలవాటు. ఇక్కడా అలాంటిది దొరికింది. శంషాబాదు విమానాశ్రయం కోసం 2004లో చేసుకున్న ఒప్పందంలో, దాని చుట్టూ 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదని ఉంది, అదీ 25 ఏళ్ళ పాటు. దూరం కొలిచేది రోడ్డు మీద కాదు, ఆకాశంలో సూటిగా. మామునూరు ఆ గీత లోపలే పడింది.

ఇది మన బెంగళూరు వాళ్ళకి కొత్త సంగతి కాదు. దేవనహళ్ళి ఒప్పందంలోనూ 150 కిలోమీటర్ల షరతు ఉంది, మైసూరు, హాసన్‌లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ ఒప్పందం వల్లే 2008 మే 24న దేవనహళ్ళి తెరవగానే హెచ్‌ఏఎల్ నుంచి ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయాయి. రెండు నెలల ముందే, మార్చిలో, బేగంపేటకీ అదే అయింది. ఆ ఏడు బళేపేట నుంచి విమానం ఎక్కాలంటే దారి ఎంత పెరిగిందో మా ఇంట్లో అందరికీ జ్ఞాపకమే. కానీ మనకి పాతది పోయినా కొత్తది వచ్చింది. వరంగల్‌కి ఏదీ రాలేదు.

ఇప్పుడు కదలిక వచ్చింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంకో 253 ఎకరాలు తీసుకోవడానికి 205 కోట్లు విడుదల చేసింది. శంషాబాదు సంస్థ అభ్యంతరం లేదని చెప్పింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం ఒప్పుకుంది. ఆ 253 ఎకరాలు చుట్టుపక్కల పల్లెల రైతులవి. ఒకప్పుడు 1,875 ఎకరాలున్న చోటికి మళ్ళీ రైతు దగ్గర భూమి అడగాల్సి రావడం మాకు బాధగానే ఉంది. పాత భూమిని నిలుపుకొని ఉంటే అంత అడగాల్సిన పని ఉండేది కాదేమో.

అవ్వ ఇప్పుడు లేదు. మామునూరులో మళ్ళీ విమానం దిగిన రోజు మేమూ 'గాలిమోటరు' అనే అంటాం. మన చుట్టాల్లో ఎవరి పెట్టెలోనైనా ఆ మైదానం పాత ఫోటో ఉంటే పంపండి, అవ్వ పేరుతో ఇక్కడ పెడతాం.