కుంకుడు నురుగు, చవుటి మన్ను

ప్రకృతిసిద్ధమైన శుభ్రత ఈనాడు అంగడి సరుకైంది. కుంకుడు రసం సీసాల్లోకి, బీరపీచు అట్టపెట్టెల్లోకి చేరాయి. బూడిదకు సైతం ధర పలుకుతున్నది. వాటిపై తరచుగా కనిపించే మాట ఒక్కటే: మన పూర్వులకు ఇదంతా తెలుసునని. తెలుసు, నిజమే. అయితే ఆ తెలివి ఎవరి చేతుల్లో ఉండేది, ఆ చేతులకు దక్కినదేమిటి అన్న ప్రశ్న ఆ అట్టపెట్టెలపై ఉండదు. చరిత్రపై ఆసక్తి ఉన్నవాడిగా నాకు ఆ ప్రశ్నే ముఖ్యమనిపిస్తుంది.

ముందుగా ఆ తెలివిని తెలివిగానే అంగీకరించాలి. కుంకుడుకాయ పైతొక్కలో సాపోనిన్లు ఉంటాయి. అవి నీటిలో నురుగునిచ్చి జిడ్డును విడదీస్తాయి. క్షారగుణం లేనందువల్ల పట్టుకూ నగలకూ హాని చేయవు. ఆ చెట్ల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన సాపిండస్ అనే పేరుకు అర్థమే ‘భారతదేశపు సబ్బు’. కట్టెల బూడిదలో పొటాసియం కార్బొనేటు ఉంటుంది. అంట్లమీది నూనెతో కలిసి అది కొంత సబ్బుగా మారుతుంది, దాని మెత్తని రేణువులు మసిని రాపాడుతాయి. చింతపండులోని ఆమ్లం ఇత్తడి, రాగి పాత్రలకు పట్టిన చిలుమును కరిగిస్తుంది. జిడ్డుకు క్షారం, చిలుముకు ఆమ్లం, సున్నితమైన వాటికి కుంకుడు: మన వంటింటి రసాయనశాస్త్రం ఇంతే. ఈనాడు వంటసోడానూ వెనిగరునూ ఒకే గిన్నెలో కలిపి, పొంగే నురుగును చూసి మురిసిపోయేవారు గమనించదగిన విషయం ఒకటుంది: ఆ రెండూ ఒకదాని శక్తిని మరొకటి చంపుకుంటాయి.

ఈ వస్తువులన్నింటిలో ఇప్పుడు ఎవరూ తలవనిది చవుడు. ఎండాకాలంలో కొన్ని నేలలపై తెల్లగా పొంగే ఉప్పుమన్ను అది. అందులో సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు ఉంటాయి. అంటే మన వంటసోడాకు అది దగ్గరి చుట్టమే. చాకలివారు దాన్ని నేలమీద నుంచి గీకి, మోసుకువచ్చి, ఆ నీటిలో బట్టలు ముంచి, బానపై ఉబ్బకు వేసి, రేవులో బండపై ఉతికేవారు. ఏ నేలలో మంచి చవుడు దొరుకుతుంది, ఏ బట్టకు ఎంత పట్టించాలి, ఎంతసేపు ఆవిరి తగలాలి అన్నది తరతరాలుగా వారు కాపాడుకున్న విద్య. గ్రంథాలలో చోటు దొరకని విద్య.

ఆ విద్యకు ఊరు ఇచ్చిన ప్రతిఫలం కోతల వేళ కొంత ధాన్యం, ఇంటింటి నుంచి ఇంత అన్నం. పురిటి బట్టలు, ముట్టు బట్టలు, చావింటి బట్టలు కూడా ఆ చేతులకే వెళ్ళేవి. తెలుగులో ‘మైల’ అన్న మాటకు మురికి అనే అర్థంతోపాటు అంటరానిది అనే అర్థమూ ఉండటం ఊరకే కాదు. బట్టల మురికి నీటిలో పోయేది, మైల మాత్రం ఉతికినవారికి అంటగట్టబడేది. లోకానికి మడి కట్టబెట్టినవారికి మడి లేకపోయింది.

ఈ అన్యాయాన్ని ప్రశ్నించిన గొంతులు లేకపోలేదు. మడివాలు మాచయ్య పన్నెండవ శతాబ్దపు శివభక్తుడు, వృత్తిచేత రజకుడు. శివభక్తుల బట్టలు తప్ప ఇతరులవి ఉతకనన్న ఆ ధిక్కారి కథను పదమూడవ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో తెలుగు చేశాడు. సోమనాథుని జన్మస్థలంగా చాలామంది చెప్పే పాలకుర్తిలోనే, 1940వ దశకంలో, చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖుకు ఎదురు నిలిచి తాను కౌలుకు తీసుకున్న భూమినీ పంటనూ కాపాడుకున్నది. తెలంగాణలో దొరల గడీలకు కూలి లేకుండా బట్టలుతకడం వెట్టిలో భాగమని గుర్తుంచుకుంటే, ఆమె పేరుముందు నిలిచిన ఆ వృత్తినామం బరువెంతో తెలుస్తుంది. ఆమె 1985లో కన్నుమూసింది.

మరి సబ్బు వచ్చి ఈ కథను మార్చిందా? కొంత మార్చింది. ఉప్పునుంచి సోడా తయారుచేసే పద్ధతికి ఫ్రాన్సులో లెబ్లాంక్ 1791లో హక్కు పొందాడు. సోడా చౌక కావడంతో సబ్బూ చౌకైంది. కానీ ఆ కర్మాగారాలు వదిలిన ఆమ్లవాయువు చుట్టుపక్కల చెట్లనూ పైర్లనూ మాడ్చగా, బ్రిటన్ 1863లో దానికి ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. 1888లో సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది. 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాయి. చవుడు గీకే పని తగ్గింది, బూడిద గిన్నె వంటింటి మూలనుంచి మాయమైంది. చేతుల బాధ కొంత తీరింది, నీళ్ళ బాధ మొదలైంది. 2015లో బెంగళూరు బెళ్ళందూరు చెరువు నురుగు రోడ్డెక్కడం, అది అంటుకుని మండడం చూసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. డిటర్జెంట్లు కలిసిన మురుగునీరు ఆ నురుగుకు ఒక ముఖ్య కారణం.

అలాగని ప్రకృతిసిద్ధమైనదంతా నిరపాయకరమని కాదు. కుంకుడు రసాన్ని నీటిలో కలిపి చేపలను మత్తెక్కించి పట్టే అలవాటు చాలా చోట్ల ఉండేది.

కుంకుడూ చింతపండూ మన ఇళ్ళలోకి తిరిగి రావాలనే నేను కోరుకుంటాను. అయితే వాటితోపాటు పాత ఏర్పాటు కూడా రాకూడదు. రసాయనాలు మానేసిన ఇంట్లో, ఇత్తడి బిందెను అరగంటసేపు ఎవరు తోముతున్నారు? ఇల్లాలా, పనిమనిషా, ఇంటి మగవాడా? ఆమెకు జీతం పెరిగిందా? పర్యావరణం గురించి మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా చూడాలి. నేలనూ నీటినీ మలినం చేయని శుభ్రత సగమే. మనిషిని మైలపరచనిది మిగతా సగం.

చవుడును మీ ప్రాంతంలో ఏమనేవారో, ఏ నేలల్లో దొరికేదో, ఉబ్బ వేయడంలో ఎన్ని పద్ధతులుండేవో తెలిసిన పెద్దలు ఇంకా ఉండే ఉంటారు. వారిని అడిగి రాసిపెట్టండి. మాటలతోపాటు, ఆ పని చేసినవారి పేర్లు కూడా.