పచ్చ చీటీ వెనుక చరిత్ర

2009 జనవరి. రెడింగ్‌లో ఒక మందుల షాపులో నిలబడి ఉన్నాను. ఇంగ్లండ్ వచ్చి నాలుగు నెలలైంది. షుగర్ ఉందని చెప్పి, డాక్టరు రెండు మందులు రాసి పచ్చ చీటీ చేతికిచ్చారు. ఇక్కడ వైద్యం ఉచితమని హైదరాబాదులోనే విని ఉన్నాను. డాక్టరు దగ్గర నిజంగానే పైసా అడగలేదు. తీరా మందుల దగ్గర 14 పౌండ్ల 20 పెన్నీలు కట్టమన్నారు. నా పక్కనున్నాయన మాత్రం చీటీ వెనుక ఏదో గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, ఏమీ కట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ గడులేమిటని అడగడానికి మొహమాటపడ్డాను. వాటి వెనుక ఎంత చరిత్ర ఉందో చాలా కాలానికి గానీ తెలియలేదు.

ఆ చరిత్ర సౌత్ వేల్స్ బొగ్గు గనుల్లో మొదలవుతుంది. ట్రెడెగర్ అనే ఊళ్ళో కార్మికులు తమ కూలిలోంచి కొంత సంఘానికి కట్టి, జబ్బు చేసినప్పుడు ఉచితంగా వైద్యం పొందేవారు. ఆ ఊళ్ళోనే పుట్టి, చిన్నతనంలోనే గనిలో దిగిన అన్యూరిన్ బెవన్ తర్వాత ఆరోగ్య మంత్రి అయ్యాడు. 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ, అంటే మన ఎన్.హెచ్.ఎస్., ఆయన చేతుల మీదుగా మొదలైంది. డాక్టరు, ఆస్పత్రి, మందులు, కళ్ళజోళ్ళు, కట్టుడు పళ్ళు అన్నీ ఉచితమే.

అది ఎంతో కాలం నిలవలేదు. 1951లో కళ్ళజోళ్ళకు, కట్టుడు పళ్ళకు రుసుము పెట్టబోతే బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఆయనతో పాటు హెరాల్డ్ విల్సన్ కూడా తప్పుకున్నాడు. 1952 జూన్ నుంచి మందుల చీటీకి 1 షిల్లింగు రుసుము వచ్చింది. 1956లో దాన్ని ఒక్కో మందుకు 1 షిల్లింగుగా మార్చారు. విల్సన్ ప్రధాని అయ్యాక 1965లో దాన్ని ఎత్తేశాడు. పౌండు విలువ తగ్గించి, ఖర్చులు కోయవలసి వచ్చినప్పుడు 1968లో అదే విల్సన్ ప్రభుత్వం మళ్ళీ పెట్టింది! అయితే ఈసారి పిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు, కొన్ని దీర్ఘకాలిక జబ్బులున్నవారికి మినహాయింపు ఇచ్చింది. చీటీ వెనుక గడులకు మూలం ఇదే.

ఆ జబ్బుల జాబితా అప్పటి నుంచి పెద్దగా మారలేదు. 2009లో క్యాన్సర్ చేరింది. మందులు వాడే షుగర్ రోగులు, థైరాయిడ్ తక్కువై రోజూ మాత్ర వేసుకునేవారు అందులో ఉన్నారు. ఉబ్బసం, బి.పి. లేవు. వేల్స్ 2007లో, ఉత్తర ఐర్లండ్ 2010లో, స్కాట్లండ్ 2011లో రుసుమును పూర్తిగా రద్దు చేశాయి. ఇంగ్లండులో మాత్రం అది 2024 మేలో మందుకు 9 పౌండ్ల 90 పెన్నీలకు చేరింది.

నా సంగతికొస్తే, 2010 ఉగాది సంబరాల్లో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. గుంటూరులో వైద్యం చదివి, 1970లలో వచ్చి, గని ఊళ్ళలో జి.పి.గా పనిచేసినవారు. ఇక్కడి డాక్టర్లు వెళ్ళడానికి ఇష్టపడని అలాంటి ఊళ్ళలో మన దేశపు డాక్టర్లెందరో పనిచేశారు. నా పళ్ళెంలో బొబ్బట్టు లేకపోవడం చూసి కారణం అడిగారు. చెప్పాను. "మందులకు డబ్బు కడుతున్నావా ఏమిటి బాబూ? నీకు అక్కర్లేదయ్యా! సర్జరీలో ఎఫ్.పి.92ఏ కాగితం అడిగి, నింపి పంపు" అన్నారు.

అప్పటికే రెండు వందల పౌండ్లకు పైగా కట్టేశాను. కట్టేటప్పుడే ఎఫ్.పి.57 అనే రసీదు తీసుకుంటే తప్ప తిరిగి రాదట. నేను తీసుకోలేదు. నా హక్కు నాకు తెలియకపోవడమే కాదు, నోరు విప్పి అడగకపోవడం కూడా నా తప్పే.

కొత్తగా వచ్చేవారికి నా మనవి. 2015 నుంచి వీసాతో పాటు ఆరోగ్య రుసుము కూడా కడుతున్నారు; 2024 ఫిబ్రవరిలో అది పెద్దవాళ్ళకు ఏడాదికి 1,035 పౌండ్లయింది. అది కట్టినా ఇంగ్లండులో మందుల రుసుము వేరే. రాగానే జి.పి. దగ్గర పేరు నమోదు చేసుకోండి. మినహాయింపు పత్రం చేతికి రాకముందే గడిలో టిక్కు పెట్టకండి, జరిమానా పడుతుంది. మినహాయింపు లేక, నెలనెలా మందులు కొనేవారు ముందస్తు చెల్లింపు పత్రం తీసుకుంటే ఎన్ని మందులకైనా అదే సరిపోతుంది.

ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఉగాది సంబరాల్లో కొత్త ముఖం కనిపిస్తే ఉద్యోగం సంగతి తర్వాత, ముందు "జి.పి. దగ్గర పేరు రాయించుకున్నారా?" అని అడుగుతున్నాను.