మెటల్‌కోర్ ఆల్బమ్: మూసలో మేలిమిని తూచిన చరిత్ర

హార్డ్‌కోర్ పంక్‌నూ హెవీ మెటల్‌నూ కలిపి 1980ల చివర, 1990ల మొదట్లో అమెరికాలో రూపుకట్టిన సంగీత శైలి మెటల్‌కోర్. పంక్ నుంచి కోపం, అరుపు, పొట్టి పాటలు వచ్చాయి. మెటల్ నుంచి బరువైన గిటారు రిఫ్‌లు, రెండు కాళ్లతో వాయించే బేస్ డ్రమ్ములు వచ్చాయి. పాట నడుమ వేగాన్ని సగానికి దించేసి, శ్రుతి బాగా తగ్గించిన తీగల మీద గిటార్లూ డ్రమ్ములూ ఒక్క దెబ్బగా మోగే ఘట్టాన్ని బ్రేక్‌డౌన్ అంటారు. ఈ శైలికి అదే ఆనవాలు, అదే తలనొప్పి కూడా. 2000ల మధ్య నాటికి ఒకదాన్ని పోలిన ఆల్బమ్ మరొకటి వరసగా వచ్చిపడటంతో, వాటిలో ఏది నిలుస్తుందో చెప్పడమే ఒక విద్య అయి కూర్చుంది.

మొదటి కొలత: నడవడి

న్యూయార్క్‌లో అగ్నాస్టిక్ ఫ్రంట్, క్రో-మ్యాగ్స్ బృందాలు 1986లోనే పంక్ పాటకు మెటల్ గిటారు తొడిగాయి. క్లీవ్‌లాండ్‌కు చెందిన ఇంటెగ్రిటీ 1991లో, సిరక్యూస్‌కు చెందిన ఎర్త్ క్రైసిస్ 1995లో విడుదల చేసిన ఆల్బమ్‌లు ఆ కలయికను స్థిరపరిచాయి. మద్యం, మత్తు, మాంసం ముట్టవద్దన్నది ఎర్త్ క్రైసిస్ బోధ. అందుకే ఆ రోజుల్లో శ్రోత ముందు చూసింది పాడేవాళ్లు ఆ మాట మీద నిలబడతారా లేదా అని. వాయిద్యం ఎలా ఉందన్నది ఆ తర్వాతి సంగతి.

సంగీతాన్నే తూకంలో పెట్టక తప్పని స్థితి తెచ్చినవి రెండు ఆల్బమ్‌లు. ఒకటి బాచ్ (Botch) అనే బృందం 1999లో తెచ్చిన 'వి ఆర్ ద రోమన్స్'. రెండోది మసాచుసెట్స్ బృందం కన్వర్జ్ 2001 సెప్టెంబరులో విడుదల చేసిన 'జేన్ డో'. తెగిపోయిన ఒక ప్రేమ చుట్టూ అల్లిన 12 పాటలవి. చాలావరకు చెవులు చిల్లులు పడే పొట్టి పాటలే. ఆఖరున మాత్రం 11 నిమిషాలు దాటిన పాట ఒకటి నిదానంగా కుంగుతూ పోతుంది. ఆ పాటను విడిగా వింటే సాగదీసినట్టే ఉంటుంది. ముందు పదకొండూ విని వచ్చినవాడికి మాత్రం దాని బరువు తెలుస్తుంది. ఆల్బమ్‌ను పాటల మూటగా కాక ఒకే వరసగా వినాలన్న అలవాటును ఈ శైలిలో బలపరిచింది ప్రధానంగా ఇదే.

మూస పుట్టిన తీరు

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి ఎట్ ద గేట్స్ బృందం 1995లో 'స్లాటర్ ఆఫ్ ద సోల్' తెచ్చింది. అందులోని జంట గిటార్ల రాగాలను అమెరికా కుర్రాళ్లు ఒంటబట్టించుకున్నారు. 1999లో మసాచుసెట్స్‌లో ఏర్పడిన కిల్‌స్విచ్ ఎంగేజ్, 2002 నాటి 'అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్'తో సూత్రాన్ని ఖాయం చేసింది: చరణంలో అరుపు, పల్లవిలో తేట గొంతు, ఆ తర్వాత బ్రేక్‌డౌన్. ఆ బృందంలోని ఆడమ్ డట్కీవిచ్ నిర్మాత కూడా. అన్‌ఎర్త్, ఆల్ దట్ రిమెయిన్స్, అండర్‌ఓత్ ఆల్బమ్‌లలో ఆయన చెయ్యి ఉంది. ఓజ్‌ఫెస్ట్ అనే మెటల్ సంగీతోత్సవంలో 2004లో రెండో వేదిక మీద హేట్‌బ్రీడ్, అన్‌ఎర్త్, ఎట్రేయు, బ్లీడింగ్ త్రూ, ఎవ్రీ టైమ్ ఐ డై ఒకే పర్యటనలో తిరిగాయి. మరుసటి ఏడాదికి వేల్స్ నుంచి బుల్లెట్ ఫర్ మై వాలెంటైన్, ఫ్లోరిడా నుంచి ట్రివియం వచ్చి చేరాయి.

రికార్డింగ్ పద్ధతి కూడా పోలికను పెంచింది. వాయించిన డ్రమ్ము దెబ్బల స్థానంలో ముందే దాచుకున్న నమూనా శబ్దాలు పెట్టడం, కంప్యూటర్‌లో ప్రతి దెబ్బనూ గీత గీసినట్టు సర్దడం, గిటార్లను పొరలు పొరలుగా పేర్చడం మామూలైపోయాయి. డ్రమ్మరు మారినా డ్రమ్ము మారలేదు. బేస్ గిటార్ చాలా ఆల్బమ్‌లలో ఉందో లేదో తెలియదు.

ఫిల్మ్‌నగర్ ఎరిగిన చిక్కే

తెలుగు సినిమాకు నిలయమైన హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌కు, మూసలో మేలిమిని వెతకాల్సిన ఈ చిక్కు కొత్త కాదు. అమెరికాలో మెటల్‌కోర్ మూస బిగుస్తున్న ఏళ్లలోనే ఇక్కడ ముఠా పగల కథలైన ఫ్యాక్షన్ సినిమా బిగుసుకుంది. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) మూడింటికీ దర్శకుడు బి. గోపాల్, మాటలు పరుచూరి సోదరులవి, సంగీతం మణిశర్మది. హీరో ఒకచోట హోటల్లో పనివాడు, ఒకచోట నాట్యం నేర్పే మాస్టారు, ఒకచోట కాశీలో టాక్సీ డ్రైవరు. అతను దాచిన ఫ్యాక్షన్ గతం బయటపడుతుందని టికెట్ కొన్నవాడికి ముందే తెలుసు. ఎప్పుడు, ఎవరి ముందు, ఏ మాటతో బయటపడుతుందన్నదే ప్రేక్షకుడు చూసేది. 'ఒక్కడు' (2003) కర్నూలు ఫ్యాక్షన్ పగను అట్లాగే ఉంచి, మధ్యలోకి హైదరాబాదు కబడ్డీ ఆటగాణ్ని పంపింది. 'అరవింద సమేత' (2018) భారీ నరుకుడును మొదట్లోనే ముగించి, ఆ తర్వాత బతికేదెలా అని అడిగింది. సరుకు పాతదే, దాన్ని పెట్టిన చోటు కొత్తది.

మెటల్‌కోర్‌లోనూ నిలిచిన కొలత ఇదే. బ్రేక్‌డౌన్ ఉన్నందుకు విసుక్కోవడం, ఫ్యాక్షన్ సినిమాలో కత్తి ఉందని విసుక్కోవడం ఒక బాపతే. పాట అక్కడికి తీసుకెళ్లిందా, లేక టైము అయిందని దించారా అన్నది వినాలి. తేట గొంతు పల్లవి చరణం లోంచే పుట్టిందా, రేడియో కోసం అతికించారా అన్నది రెండోది. ఆల్బమ్ రెండో సగం మూడోది. మామూలు బృందాలు బలమైన పాటలన్నీ ముందే ఖర్చు చేసేస్తాయి, ఏడో పాట దగ్గర దొరికిపోతాయి. కొత్త వాయిద్యం ఉందా అన్న లెక్కకు నా దృష్టిలో అంత విలువ లేదు. కీబోర్డు తగిలించినంత మాత్రాన పేలవమైన పాటకు ప్రాణం రాదు.

తర్వాతి దశ

బ్రింగ్ మీ ద హొరైజన్ బృందం ఆల్బమ్ 'సెంపిటర్నల్' (2013)లో జోర్డన్ ఫిష్ కీబోర్డులు పని చేశాయంటే, అవి పాట కట్టుబడినే మార్చాయి కాబట్టి. ఆ ఆల్బమ్‌ను అనుకరించినవాళ్లు మరో మూస తయారుచేశారు. బ్రిటిష్ బృందం ఆర్కిటెక్ట్స్ కథ వేరు. వాళ్ల పాటలకు మూలస్తంభమైన గిటారిస్టు టామ్ సెర్ల్ 2016లో 28 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయాడు. డ్రమ్మరు డాన్ అతని కవల సోదరుడు. 2018లో వచ్చిన 'హోలీ హెల్'లో శైలి పరంగా సంచలనమేమీ లేదు. అయినా అరుపు ఎందుకు అరుస్తున్నారో అంత స్పష్టంగా తెలిసే ఆల్బమ్‌లు అరుదు. కెంటకీకి చెందిన నాక్డ్ లూజ్ 2024 ఆల్బమ్ అరగంట కూడా నిండదు. తేట పల్లవుల జోలికి పోకుండా బ్రేక్‌డౌన్‌నే నమ్ముకుంది. అందులోని 'సఫకేట్' పాట గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది.

భారతదేశంలో

ఇక్కడ ఈ సంగీతం ఎక్కువగా కాలేజీ ఫెస్టుల రాక్ పోటీల్లో పెరిగింది. హైదరాబాదు పేరు బయట వినిపించింది మెటల్‌కోర్‌తో కాదు, డెత్ మెటల్‌తో. గాడ్‌లెస్ బృందం 2016లో, 2018లో చిన్న రికార్డులు, 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే పూర్తి ఆల్బమ్ తెచ్చింది. మెటల్‌కోర్‌కు దగ్గరగా నిలిచింది ముంబై బృందం స్క్రైబ్. 'మార్క్ ఆఫ్ తేజా' (2010), 'హెయిల్ మొగాంబో' (2014) అన్న పేర్లలోనే హిందీ సినిమా విలన్లు కనిపిస్తారు. అమెరికా కొలబద్ద పట్టుకుని వినేవాడికి ఆ రిఫ్‌లు తెలిసినవిగానే తోస్తాయి. కోపమే తప్ప నవ్వు ఎరగని శైలిలో వెటకారం చేయడం వాళ్ల ప్రత్యేకత. ఆ వెటకారం అందాలంటే మాత్రం తేజా విలన్‌గా ఉన్న హిందీ సినిమా 'అందాజ్ అప్నా అప్నా' చూసి ఉండాలి.