పడక లేని చికిత్స: ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హార్మోను వైద్యవ్యయం, ఆరోగ్య బీమా – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

పి. సత్యవతి అనువదించిన ఎ. రేవతి ఆత్మకథ ‘ఒక హిజ్రా ఆత్మకథ’కు 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం లభించింది. ఆ గుర్తింపుతో హిజ్రా జీవితం తెలుగు సాహిత్య పరిశోధనకు మరింత దగ్గరైంది. అస్తిత్వం, వివక్ష, కుటుంబ బహిష్కరణ వంటి అంశాలు చర్చకు వచ్చాయి. అయితే ఈ జీవితాలను లోపలి నుంచి శాసించే మరొక అంశం ఉంది. తన దేహాన్ని తన లింగభావనకు అనుగుణంగా మలచుకోవడానికి అయ్యే వైద్యవ్యయం ఎవరు భరించాలన్నదే ఆ అంశం. ఈ వ్యాసం ఆ ప్రశ్నను చరిత్ర దృష్టితో, ప్రధానంగా హైదరాబాదు సంస్థానం నుంచి నేటి తెలుగు రాష్ట్రాల దాకా ఉన్న ఆధారాలతో పరిశీలిస్తుంది. మన ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆసుపత్రి పడకను, కుటుంబాన్ని ప్రమాణాలుగా తీసుకొని రూపొందింది. హార్మోను చికిత్సకు పడక అక్కరలేదు. దాన్ని కోరేవారిలో అనేకులకు కుటుంబం అండగా లేదు. అందువల్ల చట్టం హామీ ఇచ్చిన తరువాత కూడా ఈ ఖర్చు వ్యక్తి మీదనే మిగిలిపోయిందని ఈ వ్యాస ప్రతిపాదన.

నమోదు నుంచి గుర్తింపు దాకా

వలస పాలకులు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టం రెండవ భాగం ‘నపుంసకుల’ పేర్లను, ఆస్తులను ప్రభుత్వ రిజిస్టరులో నమోదు చేయాలని ఆదేశించింది. నమోదైన వ్యక్తి మైనరుకు సంరక్షకుడు కావడానికి, దానపత్రం గాని వీలునామా గాని రాయడానికి, దత్తత తీసుకోవడానికి అనర్హుడు. ఈ భాగం ప్రధానంగా ఉత్తర భారత ప్రాంతాల్లో అమలైంది. అదే బాటలో నిజాం ప్రభుత్వం 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఒక శాసనం చేసింది. స్త్రీ వేషంలో బహిరంగంగా కనిపించినవారిని, వీధుల్లో ఆడి పాడినవారిని వారంటు లేకుండా నిర్బంధించే అధికారాన్ని అది పోలీసులకిచ్చింది. నిజాం పాలన ముగిసినా, రాష్ట్రాలు మారినా ఆ శాసనం పుస్తకాల్లోనే ఉండిపోయింది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆసరా పింఛను వర్తింపజేయాలని కూడా అదే తీర్పులో ఆదేశించింది.

ఒక శతాబ్దం పాటు రాజ్యం ఈ దేహాలను లెక్కపెట్టింది, శంకించింది, శిక్షించింది. వాటి ఆరోగ్యం దాని లెక్కలోకి రాలేదు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ, పురుష వర్గాలకు చెందని ‘ఇతరులు’గా దేశంలో 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది నమోదయ్యారు. 2014 ఏప్రిల్ 15న నల్సా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తన లింగాన్ని తాను నిర్ణయించుకొనే హక్కును గుర్తించింది. అందుకు శస్త్రచికిత్స జరిగి ఉండాలని పట్టుపట్టడం చట్టవిరుద్ధమని స్పష్టం చేసింది. ఆసుపత్రుల్లో వైద్యసౌకర్యం కల్పించాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. వైద్యం రాజ్యం బాధ్యత అన్న మాట ఇక్కడ స్పష్టమైన న్యాయాదేశ రూపం పొందింది.

సముదాయం భరించిన ఖర్చు

అంతకు ముందు ఈ ఖర్చును భరించినది హిజ్రా సముదాయమే. గురు–చేలా వ్యవస్థలో ‘నిర్వాణం’ అని పిలిచే శస్త్రక్రియ ఒక సంస్కారం. దాని ఖర్చును, కోలుకునే నలభై రోజుల పోషణను చాలా సందర్భాల్లో గురువు భరించేవారు. చేలా తన సంపాదనతో ఆ రుణం తీర్చేది. బధాయి, బజారు అడుక్కోవడం, లైంగిక వృత్తి ఆ సంపాదనకు మార్గాలు. ఈ ఏర్పాటులో ఆదరణ ఉంది, అధీనత కూడా ఉంది. ఆధునిక పరిభాషలో చెప్పాలంటే అది సముదాయమే నడుపుకున్న బీమా. దాని ప్రీమియం మాత్రం చికిత్స తరువాత, ఏళ్ల తరబడి, దేహంతోనే చెల్లించవలసి వచ్చింది. ఈ ఆర్థిక సంబంధాన్ని దృష్టిలో ఉంచుకొని చదివితే హిజ్రా ఆత్మకథలు వైద్యచరిత్రకు కూడా ఆధారాలవుతాయి.

అయితే నిర్వాణం ఒకసారి జరిగేది. హార్మోను చికిత్స స్వభావం వేరు. ట్రాన్స్ స్త్రీలకు ఎస్ట్రాడియాల్‌ను, టెస్టోస్టెరాన్ ప్రభావాన్ని తగ్గించే స్పైరనోలాక్టోన్ లేదా సైప్రోటెరాన్ వంటి మందును ఇస్తారు. ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు ఇస్తారు. మొదటి ఏడాది సుమారు మూడు నెలలకొకసారి, తరువాత ఏడాదికి ఒకటి రెండుసార్లు వైద్య పరీక్ష అవసరమని ఎండోక్రైన్ సొసైటీ మార్గదర్శకాలు సూచిస్తాయి. హార్మోను స్థాయిలు, వాడే మందునుబట్టి రక్తంలో పొటాషియం, ఎర్రకణాల సాంద్రత వంటివి చూడాలి. కాబట్టి ఖర్చు అంటే మాత్ర ధర ఒక్కటే కాదు. వైద్యుని ఫీజు, రక్తపరీక్షలు, నిపుణులున్న నగరానికి రానుపోను ప్రయాణం, ఆ రోజు పోయిన కూలి కూడా అందులో భాగమే. ఏ ఒక్క నెల ఖర్చూ పెద్ద శస్త్రచికిత్స అంత ఉండదు గాని ఏ నెలకూ అది తప్పదు.

ఈ ఖర్చు భరించలేనివారు వెతుక్కున్న దారి కూడా చరిత్రలో భాగమే. కుటుంబ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వం ఉచితంగానో చవకగానో అందించిన గర్భనిరోధక మాత్రలను అనేకులు వైద్య పర్యవేక్షణ లేకుండా స్త్రీ హార్మోనుగా వాడుతూ వచ్చారు. వాటిలోని ఎథినైల్ ఎస్ట్రాడియాల్ రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచుతుంది గనుక ఈ చికిత్సకు దాన్ని వాడవద్దని నేటి వైద్యశాస్త్రం హెచ్చరిస్తున్నది. జనాభా తగ్గించడానికి రాజ్యం పంచిన మాత్ర, రాజ్యం లెక్కలో లేనివారికి ఈ విధంగా మందయింది.

బీమా ప్రమాణాలు: పడక, కుటుంబం

తెలుగునాట ప్రభుత్వ ఆరోగ్య బీమా చరిత్రలో 2007 ఏప్రిల్ 1 ముఖ్యమైన తేదీ. ఆనాడు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లరేషన్ కార్డు అర్హతకు ఆధారం. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే మరో 50 వేలు పరిమితి. గుండె, మూత్రపిండాలు, క్యాన్సర్ వంటి పెద్ద జబ్బులకు నిర్ణీత ధరల ప్యాకేజీలుగా ఆసుపత్రిలో చేర్చుకొని చికిత్స చేయడం దాని పద్ధతి. 2008లో వచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన, 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ కూడా ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగిని, కుటుంబాన్ని ఆధారం చేసుకున్నవే. పేద కుటుంబాన్ని అప్పులపాలు చేసేది ఆకస్మికంగా మీద పడే ఆసుపత్రి బిల్లు అన్న అవగాహన వీటికి మూలం. ఆ అవగాహన సరైనదే గాని దాని చూపు పరిమితం.

ఆ పరిమితి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల విషయంలో రెండు విధాల వ్యక్తమవుతుంది. మొదటిది, హార్మోను చికిత్స బయటి రోగి చికిత్స. ప్యాకేజీ ఆరంభమయ్యే ‘చేరిక’ అనే ఘట్టమే దానికి లేదు. రెండవది, ఇంటి నుంచి గెంటివేతకు గురైన వ్యక్తి పేరు రేషన్ కార్డులో ఉన్నా కార్డు ఆమె చేతిలో ఉండదు. ఉన్నా అందులోని పేరు, లింగం ఆమెవి కావు. జమాత్‌లో గురువు, చేలాలు కలిసి బతికినా ఆ బంధాన్ని కార్డు కుటుంబంగా గుర్తించదు. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణ 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. పరిమితి ఎంత పెరిగినా, పడక అవసరం లేని చికిత్సకు ఆ పెంపు చేరదు.

2019: పరస్పర విరుద్ధమైన రెండు పత్రాలు

2019లో రెండు పత్రాలు కొద్ది వారాల తేడాతో వెలువడ్డాయి. ఆ సెప్టెంబరులో బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆరోగ్య బీమా పాలసీల మినహాయింపులను ప్రామాణీకరించింది. దేహ లక్షణాలను మరో లింగానికి అనుగుణంగా మార్చే ఏ చికిత్సనైనా, శస్త్రచికిత్స సహా, మినహాయించే ఒక ప్రామాణిక నిబంధన ఆ జాబితాలో ఏడవ సంఖ్యతో చేరింది. డిసెంబరులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం రాష్ట్రపతి ఆమోదం పొందింది. దాని 15వ సెక్షన్ శస్త్రచికిత్సతో పాటు హార్మోను చికిత్సను పేరు పెట్టి ప్రస్తావించింది. ఆ ఖర్చులకు సమగ్ర బీమా పథకం కల్పించాలని ప్రభుత్వాన్ని బాధ్యురాలిని చేసింది. ఒక పత్రం మినహాయించడానికి భాషను సిద్ధం చేసింది. రెండవది అదే చికిత్సకు హక్కు రూపమిచ్చింది.

ఆ హామీకి కొనసాగింపుగా 2022 ఆగస్టు 24న జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థకు, సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖకు మధ్య ఒప్పందం కుదిరింది. జాతీయ పోర్టల్ ద్వారా గుర్తింపు ధ్రువపత్రం పొందిన ప్రతి వ్యక్తికీ ఏడాదికి 5 లక్షల రూపాయల బీమా అన్నది దాని సారం. ఇక్కడ కుటుంబానికి బదులు వ్యక్తి ప్రమాణమైన మాట గమనార్హం. రెండు ప్రమాణాల్లో ఒకటి సడలింది. కాని పథకానికి ఆధారం ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీ వ్యవస్థే గనుక పడక అనే ప్రమాణం బలంగానే నిలిచింది. దీని పర్యవసానం వైద్యపరంగానూ తీవ్రమైనది. బీజకోశాలను తొలగించిన తరువాత దేహం తగినంత హార్మోను తయారు చేసుకోలేదు. బయటి నుంచి అందకపోతే ఎముకలు పెళుసవుతాయి. శస్త్రచికిత్సకు డబ్బిచ్చి, ఆ తరువాతి హార్మోనును వ్యక్తికే వదిలేసిన పథకం తాను చేయించిన చికిత్సనే సగంలో ఆపినట్లవుతుంది.

వ్యాధి తెరిచిన తలుపు

జీవితకాలం మందులివ్వడం రాజ్యానికి సాధ్యం కాదనే వాదన చరిత్ర ముందు నిలవదు. 2004 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ రోగులకు ఏఆర్‌టీ మందులు ఉచితంగా అందుతున్నాయి. అది కూడా పడక అక్కరలేని, జీవితాంతం సాగే, క్రమం తప్పని పరీక్షలు కోరే చికిత్సే. హిజ్రాలకు ప్రభుత్వ వైద్యవ్యవస్థలో దొరికిన తొలి విస్తృత ప్రవేశం కూడా హెచ్‌ఐవీ నియంత్రణ కార్యక్రమాల ద్వారానే. సమాజానికి సోకగల వ్యాధిగా ఒక అవసరం కనిపించినప్పుడు బయటి రోగి మందుకు నిధి, గిడ్డంగి, కౌన్సెలరు అన్నీ ఏర్పడ్డాయి. ఒక వ్యక్తి సుఖజీవనానికి సంబంధించిన అవసరంగా మిగిలినప్పుడు అవి ఏర్పడలేదు.

ఆ ఖాళీని కొంతకాలం విదేశీ నిధి పూరించింది. 2021లో హైదరాబాదులో మొదలైన మిత్ర్ క్లినిక్ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు హార్మోను చికిత్స సలహా, మానసిక ఆరోగ్య సేవలు, హెచ్‌ఐవీ సేవలు ఒకే చోట అందించింది. దానికి అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ ఆధారం. 2025 జనవరిలో ఆ ప్రభుత్వం విదేశీ సహాయాన్ని నిలిపివేయడంతో హైదరాబాదు, కల్యాణ్, పుణెలలోని మూడు కేంద్రాలు మూతపడ్డాయి. పార్లమెంటు 2019లో హక్కుగా ప్రకటించిన సేవ మరో దేశపు కార్యనిర్వాహక ఉత్తర్వుతో ఆగిపోవడం, ఆ హక్కుకు దేశీయమైన నిధి ఆధారం ఎంత బలహీనంగా ఉన్నదో వెల్లడిస్తుంది.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, దేహపరివర్తన వ్యయం ఈ సముదాయాలకు కొత్త సమస్య కాదు. గురు–చేలా రుణబంధం దాని పాత రూపం. రెండు, ప్రభుత్వ బీమా ఆ రుణాన్ని శస్త్రచికిత్స మేరకు తన మీద వేసుకోవడానికి ముందుకు వచ్చింది గాని, నెలనెలా తప్పని ఖర్చును వ్యక్తికే వదిలింది. మూడు, ఆ ఖర్చును భరించే పద్ధతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. ఏఆర్‌టీ కేంద్రం ఒక నమూనా. కొన్ని శస్త్రచికిత్సల అనంతరం ఏడాది పాటు సంప్రదింపులు, పరీక్షలు, మందులు ఇచ్చిన ఆరోగ్యశ్రీ అనుబంధ ప్యాకేజీ మరొక నమూనా.

1919 నాటి శాసనాన్ని రద్దు చేయడానికి ఒక తీర్పు చాలింది. హార్మోను చికిత్సకు తీర్పుతో పాటు ప్రతి ఏడాది బడ్జెట్‌లో ఒక పద్దు, జిల్లా ఆసుపత్రి మందుల జాబితాలో ఒక వరుస కావాలి. గుర్తింపు చరిత్రను రాసిన పరిశోధన ఇక ఈ పద్దుల చరిత్రను కూడా రాయవలసి ఉంది.