హాస్య ప్రకటన (టెలివిజన్)

చూపరిని నవ్వించి సరుకు అమ్మే టీవీ ప్రకటనను హాస్య ప్రకటన అంటారు. 1976 జనవరి 1న దూరదర్శన్ వాణిజ్య ప్రకటనలు మొదలుపెట్టడంతో మన దేశంలో దీనికి దారి పడింది. నవ్వుతో చూపరిని కూర్చోబెట్టే విద్య మాత్రం అంతకన్నా పాతది. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క అనే హాస్య పాత్రలు ఊడిపడి సరసాలాడతారు. కునికిపాట్లు పడేవాళ్లను లేపి, మళ్లీ కథకు అప్పగిస్తారు. అక్కడ నవ్వు కథకు కాపలా కాస్తుంది. ప్రకటనలో దాని కొలువు వేరు: చూపరి మనసులో పుట్టబోయే ఎదురుప్రశ్నను పుట్టనివ్వకపోవడం.

అమెరికా ప్రకటనల రచయిత క్లాడ్ హాప్‌కిన్స్, డబ్బు ఖర్చుపెట్టడం గంభీరమైన పని కనుక ప్రకటనలో హాస్యానికి చోటు లేదని వాదించాడు. కొనేవాడు ఆలోచించే కొంటాడన్న నమ్మకం ఆ మాట వెనుక ఉంది. 1964లో మనస్తత్వ శాస్త్రవేత్తలు లియాన్ ఫెస్టింగర్, నేథన్ మకోబీ ప్రచురించిన ప్రయోగాలు ఆ నమ్మకాన్ని కదిపాయి. విద్యార్థులకు వాళ్ల సంఘాలనే తప్పుబట్టే ప్రసంగాన్ని వినిపించారు. కొందరికి తెర మీద వక్తను, మరికొందరికి సంబంధం లేని సరదా సినిమాను చూపారు. సినిమా చూస్తూ విన్నవారిలోనే ఆ ప్రసంగం ఎక్కువ పనిచేసిన సందర్భాలు కనబడ్డాయి. చూపు సరదాలో పడితే ఖండించే తీరిక ఉండదన్నది వారి వివరణ. మన ప్రకటనలు కొన్నింటిలోనైతే ఖండించడానికి మాటలే తగ్గిపోయాయి. ఫెవికాల్ జిగురు ప్రకటనలో కిక్కిరిసిన బస్సు గతుకుల్లో ఊగుతున్నా దానికి వేలాడే జనం ఒక్కరూ జారరు. 2009 ఐపీఎల్ నాటి వొడాఫోన్ ప్రకటనల్లోని జూజూ పాత్రలు ఏ భాషా మాట్లాడవు. తెలుగు, కన్నడ కలిసి వినిపించే హిందూపురంలోనూ, తెలుగు, ఉర్దూ పక్కపక్కనే నడిచే పెనుకొండలోనూ ఇవి ఒకేలా నవ్వించగలవు. మాట లేనిచోట కాదనడానికీ ఏమీ దొరకదు.

హాస్యం గుర్తుండి సరుకు మరుగున పడుతుందన్న అభ్యంతరం నిజమే, కానీ అది చేతకాని ప్రకటనకే వర్తిస్తుంది. ఫెవికాల్ బస్సులో జిగురును తీసేస్తే హాస్యమే మిగలదు. ఆ పనితనాన్ని మెచ్చుకోవలసిందే. ప్రేక్షకుడు అమాయకుడు కాదు, బస్సు అతిశయోక్తి అని అతనికి తెలుసు అన్నది ఇంకా బలమైన వాదన. 1985లో ఏర్పడిన భారత ప్రకటనల ప్రమాణాల మండలి నియమావళి కూడా, వినోదం కోసమని స్పష్టంగా తెలిసే అతిశయోక్తిని అనుమతిస్తుంది. అయితే నమ్మడం వేరు, ఇష్టపడటం వేరు. పదేపదే కనబడినదాని మీద ఇష్టం పెరుగుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో చూపాడు. నవ్వు ఆ పదేపదే చూడటాన్ని విసుగు లేకుండా సాగనిస్తుంది. ధర్మవరం పట్టుచీర కొనేవారు మడత విప్పి, అంచు చూసి, జరీ గురించి అడిగి, ధర తేల్చుకుంటారు. ముప్పై సెకన్ల నవ్వులో ఆ విప్పి చూడటానికి చోటు లేదు. చీరకూ జిగురుకూ పోలికేమిటని అడగవచ్చు. జిగురు చిన్న ఖర్చు గనుకనే మనం దాని దగ్గర మరీ ఏమరుపాటుగా ఉంటాం. ఇక చట్టం విషయానికొస్తే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఆ చట్టం కింద వచ్చిన 2022 మార్గదర్శకాలు పిల్లల ప్రకటనలకు అదనపు కట్టుబాట్లు పెట్టాయి. చట్టం చేసే పరిశీలన ముఖ్యంగా ప్రకటన చెప్పినదాని మీద, దాచినదాని మీద సాగుతుంది. ఏమీ చెప్పకుండా నవ్వించి వెళ్లిపోయిన ప్రకటనలో తూచడానికి చట్టానికి పెద్దగా ఏమీ చిక్కదు.