ఆలీక్యాట్ పందెం

వాహనాల రాకపోకలు సాగుతుండగానే నగర వీధుల్లో సైకిళ్ళపై అనధికారికంగా జరిగే పోటీని ఆలీక్యాట్ పందెం అంటారు. కార్యాలయాల మధ్య పత్రాలు, పొట్లాలు చేరవేసే సైకిల్ కొరియర్లు తమ వృత్తినైపుణ్యాన్నే ఆటగా మలచుకొని 1989లో కెనడాలోని టొరంటోలో ఈ పేరుతో తొలి పందెం నిర్వహించారు.

ఇందులో నిర్ణీత మార్గం ఉండదు. ఆరంభానికి కాస్త ముందు మాత్రమే చేతికందే ‘మ్యానిఫెస్ట్’ అనే చిరునామాల జాబితాను చూసుకొని, ఏ చెక్‌పాయింటుకు ముందు వెళ్ళాలో, ఏ సందు దగ్గరదారో ఎవరికి వారే నిర్ణయించుకొని, అక్కడ కాగితంపై ముద్ర వేయించుకునో, అప్పగించిన చిన్న పని పూర్తిచేసో గమ్యం చేరాలి. అందుచేత కాలిబలం ఉన్నవారికన్నా ఊరి పటం మనసులో నాటుకున్నవారికే గెలుపు దక్కే అవకాశం ఎక్కువ. పోటీదారులు తమ సంఖ్య ఉన్న ‘స్పోక్ కార్డు’ను చక్రపు చువ్వల మధ్య ఇరికించుకొని, పందెం ముగిశాక కూడా జ్ఞాపకంగా ఉంచుకుంటారు. చిట్టచివర వచ్చినవారికీ బహుమతి ఇవ్వడం చక్కని ఆచారం.

రద్దీలో వేగం ప్రమాదకరమే. 2008లో చికాగోలో ఇటువంటి పందెంలో ఒక పోటీదారు మరణించాడు. అయితే ఈ పందేలకు మేలు చేసే ముఖమూ ఉంది. 1999లో న్యూయార్క్‌లో మొదలైన ‘క్రాంక్స్‌గివింగ్’ ఆలీక్యాట్ పందేనికి ఒక ఆదరణీయమైన రూపం. అందులో పోటీదారులు కిరాణా దుకాణాల్లో కొనుక్కొచ్చిన ఆహారపదార్థాలను అన్నార్తులకు అందజేస్తారు.